మా మిద్దె మీదుగా ఢిల్లీకి

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ లేదు. చేతిలో కొత్త ఫోను, అబిడ్స్‌లో బడి పుస్తకాల దుకాణంలో కొత్త ఉద్యోగం. ఇంకేం కావాలి? దుకాణం యజమాని సేఠ్ నన్ను సరుకు చూసి రమ్మని ఢిల్లీకి, అదీ విమానంలో, పంపిస్తున్నాడనేసరికి నేల మీద కాలు ఆగలేదు. నాంపల్లిలోని మా గల్లీలో అప్పటికి విమానమెక్కిన వాళ్లు లేరు మరి.

భయమంతా నన్ను పెంచిన మేనత్తకే. "నువ్వు సల్లగ వోవుడు నా కండ్లతోని జూసినంకనే నోట్ల మెతుకు వెడ్త" అని కూర్చుంది. అత్తకు షుగరు. పొద్దున టిఫినూ మాత్రా తప్పితే కళ్లు తిరిగి పడిపోతుంది. నేను ఫోను తీసి రెండు విమానాశ్రయాల మధ్య దూరం వెతికాను. పన్నెండు వందల యాభై చిల్లర కిలోమీటర్లు, రెండు గంటల పది నిమిషాలు. పటం మీద స్కేలు పెట్టి గీత గీస్తే సరిగ్గా మా ఇంటి మీదుగానే పోతోంది! ఆ గీత మీద శంషాబాద్ నుంచి మా ఇంటికి పదిహేడు కిలోమీటర్లు. భాగహారం చేసి, "ఎనిమిదింటికి లేస్తే రెండు నిమిషాల్లో మన మిద్దె మీదుంటానత్తా" అని తేల్చేశాను. (విమానం లేచీ లేవగానే పూర్తి వేగం అందుకుంటుందనీ, గీత పట్టుకుని పోతుందనీ నా నమ్మకం. భాగహారంలో మాత్రం తప్పు లేదు.)

తీరా శంషాబాద్ చేరాక విమానం గంటన్నర ఆలస్యమన్నారు. అత్త ఖాళీ కడుపుతో ఎండలో మిద్దె మీద నిలబడి ఉంటుంది. ఎనిమిది దాటిందో లేదో ఫోను మోగింది.

"జూసిన బిడ్డా! గంత జల్ది వోయినవేందిరా? గల్లీ గల్లంత చేతులు ఊపినం. ఎనక కిటికీల చెయ్యి ఊపింది నువ్వే గద?"

నేను సమోసా వరుసలో నిలబడి ఉన్నాను.

"ఔ అత్తా."

"నేను గుర్తువట్టిన. ఏందిరా గా లొల్లి?"

"విమానంలో ఏదో చెప్తున్నరత్తా. నువ్వు తిన్నవా?"

"ఇగో, ఇడ్లీ తింటున్న. ఫికర్ చెయ్యకు."

ఆ విమానంలో ఎవరున్నారో, ఎటు పోయారో గానీ మా గల్లీ దీవెనలన్నీ వాళ్లే పట్టుకుపోయారు.

చివరికి నా విమానమూ లేచింది. నాది మధ్య సీటు. కిటికీ పక్కాయన పొట్ట మీదుగా వంగి చూస్తే కింద బండరాళ్లు, చెరువులు తప్ప నాంపల్లి జాడ లేదు. అయినా అత్తతో ఔనన్నాను కదా, మాట దక్కాలని మెల్లగా చెయ్యి ఊపాను. పక్కాయన తననే పలకరించాననుకుని మర్యాదగా తనూ ఊపాడు.

ఇప్పుడు నెలకోసారి ఎగురుతున్నాను. దూరాలూ వేగాలూ లెక్కవేయడం ఎప్పుడో మానేశాను. విమానం లేవగానే మాత్రం చెయ్యి దానంతటదే కాస్త పైకి లేస్తుంది. పక్కవాళ్లు ఏమనుకున్నా సరే, కింద అత్త టిఫిను తింటోందని నాకు ధైర్యం.