కారులో నలుగురం

తొమ్మిదేళ్ల కిందట నేనొక ఉత్తరం రాశాను. అరపేజీ కూడా లేదు. దాని బరువు మాత్రం ఈ తొమ్మిదేళ్లలో ఏమీ తగ్గలేదు. కింద సంతకం పెట్టలేదు. అలాంటి వాటిని మనం ఆకాశరామన్న ఉత్తరాలంటాం. ముప్పై ఏళ్లు ఒక దినపత్రిక డెస్కులో పనిచేసినవాణ్ణి. అలాంటివి ఎన్నో చూశాను, చించి బుట్టలో వేశాను. రాసేవాళ్లంటే నాకు అసహ్యం. వాళ్లకు ఎదురుగా నిలబడి మాట్లాడే ధైర్యం ఉండదని కొత్తగా చేరిన సబ్‌ఎడిటర్లకు చెప్పేవాణ్ణి.

ఈ సంగతి మా అమ్మాయికి కూడా తెలియదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియకపోవడమే ఇందులో నాకున్న ధైర్యం. దాన్ని ధైర్యమనొచ్చా? ముందు జరిగింది చెప్పనివ్వండి.

మా అక్క భర్త, అంటే మా బావ, బళ్లారిలో ఉండేవాడు. గనుల దగ్గర కాంట్రాక్టులు చేసిన రోజుల్లో లైసెన్సు తీసుకుని ఒక రివాల్వరు కొనుక్కున్నాడు. నాకు తెలిసి దాన్ని ఒక్కసారి కూడా పేల్చలేదు. ఏటా ఆయుధపూజ నాడు పెట్టె తెరిచి, దానికి కుంకుమబొట్టు పెట్టి, మళ్లీ మూసేవాడు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా పోలీస్ స్టేషన్‌లో అప్పగించి రసీదు తెచ్చుకునేవాడు. అక్క పోయాక ఆయనకు అక్కడ ఒంటరిగా ఏమీ తోచలేదు. అనంతపురంలో తమ్ముడి ఇంటి పక్కనే ఇల్లు తీసుకున్నాడు. అన్నదమ్ములిద్దరూ రెండిళ్ల మధ్య గోడ కొట్టించి ఒక తలుపు పెట్టించుకున్నారు.

సామానంతా లారీలో వెళ్లింది. రివాల్వరును లారీలో వెయ్యలేం కదా. బళ్లారి కర్ణాటకలో, అనంతపురం ఆంధ్రలో. ఆయన లైసెన్సు ఒక్క రాష్ట్రంలోనే చెల్లుతుంది. సరిహద్దు దాటించడానికి వేరే అనుమతి కావాలి. బావ రెండు నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగి ఆ కాగితం సంపాదించాడు. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఆ కవరును ఇంకో కవరులో పెట్టాడు.

ఆ రోజు కారులో నలుగురం. నడిపింది నా మేనల్లుడు, బావకు ఒక్కగానొక్క కొడుకు. అప్పటికే వాడు సింగపూర్‌లో, జురాంగ్ ఐలాండ్‌లోని ఒక ప్లాంటులో ఇంజినీరు. నాన్న ఇల్లు మార్చడం కోసమే సెలవు పెట్టి వచ్చాడు. వాడి పక్కన బావ, ఒళ్లో తువ్వాలు చుట్టిన పెట్టె. వెనక సీట్లో నేనూ, బావ తమ్ముడూ. ఆయన్ని నేను చిన్నబావ అంటాను.

సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర ఆపారు. పెట్టెలో రివాల్వరుందని ఎవరూ అడక్కముందే బావ చెప్పేశాడు. ఎస్సై పెట్టె తెరిపించాడు. రివాల్వరు ఖాళీగా ఉందో లేదో చూశాడు. విడిగా డబ్బాలో ఉన్న పన్నెండు తూటాలూ లెక్కపెట్టాడు. నంబరును లైసెన్సు పుస్తకంతో సరిచూసి, తన పుస్తకంలో ఎక్కించుకున్నాడు. "ఇంత పద్ధతిగా కాగితాలు పెట్టుకునేటోళ్లను నేను చూళ్లేదు పెద్దాయనా" అన్నాడు. పావుగంటలో వదిలేశారు.

ఉరవకొండలో టిఫినుకు ఆగాం. బావ పెట్టెను కారులో వదలనన్నాడు. ఒళ్లో పెట్టుకునే ఉగ్గాని, బజ్జి తిన్నాడు. "ఏమన్నా, దానికీ ఒక ప్లేటు చెప్పాల్నా?" అన్నాడు చిన్నబావ. "నీ కన్ను దీనిమీదుందని నాకు తెల్దా? నేను పొయినాంక తీసుకుందువులే" అన్నాడు బావ. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఆ పరిహాసమే తర్వాత నాకు పనికొచ్చింది.

అప్పటికే నా మనసులో ఒక అనుమానం ఉంది. మా అల్లుడు ఇక్కడే, నేనిప్పుడుంటున్న సింగపూర్‌లోనే, చిన్న కంపెనీలో చేస్తున్నాడు. మేనల్లుడి ప్లాంటులో ఖాళీ ఉందని తెలిసి, నేనే వాడికి ఫోన్ చేసి అడిగాను. "అట్లే మామా, రెజ్యూమే పంపమనండి, నేనిస్తాను" అన్నాడు. అంతే. నాలుగు నెలలైనా కబురు లేదు. కారులో ఆ మాట ఎత్తుతాడని ఎదురుచూశాను. ఎత్తలేదు. వెనక నుంచి అద్దంలో వాడి కళ్లనే చూస్తూ కూర్చున్నాను. మనిషి ఏం చెప్పాడన్నది కాదు, ఏం చెప్పకుండా దాటేశాడో చూడమని డెస్కులో నాకు నేర్పారు. వార్తలకు పనికొచ్చే గుణం అది. దాన్ని ఇంట్లోకి తెచ్చుకున్నాను. మా వాణ్ణి పైకి రానివ్వడం వీడికి ఇష్టం లేదనుకున్నాను. అడిగి ఉంటే ఒక్క నిమిషంలో తేలిపోయేది. ఎందుకు అడగలేదు? అడిగితే అనుమానం పోతుందని భయపడ్డానా?

ఉత్తరం ఇంగ్లీషులో టైపు చేశాను, వాడి కంపెనీ పేరున. మూడే సంగతులు. మీ ఉద్యోగి ఫలానా నెలలో ఇండియాకు సెలవు మీద వచ్చినప్పుడు, ఒక రివాల్వరూ పన్నెండు తూటాలూ ఉన్న కారును నడుపుకుంటూ రాష్ట్ర సరిహద్దు దాటాడు. పోలీసులు ఆ కారును ఆపి తనిఖీ చేశారు. ఈ సంగతి మీకు తెలియజేశాడో లేదో మీరే అడిగి తెలుసుకోండి.

ఒక్క అబద్ధం లేదు. చూడండి. రివాల్వరు తండ్రిదని రాయలేదు, ఆ తండ్రి పక్క సీట్లోనే ఉన్నాడని రాయలేదు, లైసెన్సు గురించి గానీ అనుమతి గురించి గానీ ఎస్సై అన్న మాట గురించి గానీ ఒక్క అక్షరం రాయలేదు. తుపాకీ అన్న మాట వింటేనే ముఖం మారిపోయే దేశం ఈ సింగపూర్. ఆ సంగతి నాకు తెలుసు కాబట్టే అలా రాశాను.

నెల తర్వాత బావకు కంటి ఆపరేషన్ అయితే తోడుగా వారం రోజులున్నాను. చిన్నబావ పూటపూటా ఆ మధ్య తలుపులోంచి అన్నం, చారు పట్టుకొచ్చేవాడు. అన్నకు ముద్దలు కలిపి తినిపించేవాడు. "బావా, నువ్వూ కూచో, చల్లారిపోతాది" అని నన్నూ పిలిచేవాడు. అలాంటి ఒక మధ్యాహ్నం, ఆయన పెట్టిన భోజనం తిని, అలా నడిచొస్తానని చెప్పి వెళ్లి, ఆ కవరును అనంతపురం పెద్ద పోస్టాఫీసులో వేశాను. అప్పట్లో నేనుండే హైదరాబాదులో మా వీధి చివరే పోస్టు డబ్బా ఉంది. దాంట్లో వెయ్యకుండా సంచిలో పెట్టుకుని ఇంత దూరం ఎందుకు తెచ్చాను? దారిలో ఆలోచించుకోవచ్చని తెచ్చానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. కవరు మీద ఊరి ముద్ర ఏం చేస్తుందో ముప్పై ఏళ్లు కవర్లు చించినవాడికి తెలియదా?

మూడు నెలలకు నేను సింగపూర్ వచ్చాను. పాసిర్ రిస్‌లో అమ్మాయి ఫ్లాటులో ఉంటున్నాను. ఒక ఆదివారం ఉదయం బిషాన్ నుంచి మేనల్లుడు తన ఆరేళ్ల కూతుర్ని తీసుకుని వచ్చాడు. కింద తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌లో కూర్చుందామన్నాడు. ఆ పిల్ల ముందు పరిగెత్తి, ఇక్కడి అలవాటు ప్రకారం, ఇది మాది అన్నట్టు ఖాళీ టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి, "తాతా, నేను చోప్ చేశా లా! కమ్, కమ్!" అని కేకేసింది. వాడు నవ్వలేదు. పిల్లను ఐస్‌క్రీమ్ కోసం పంపి, జేబులోంచి రెండు కాగితాలు తీశాడు. ఉత్తరం కాపీ, కవరు కాపీ. జవాబివ్వమని కంపెనీ వాళ్లు ఇచ్చారట.

"మీరు డెస్కులో ఇట్లాంటివి ఎన్ని చూసింటారో మామా. దీన్నీ ఒకసారి చూడండి. ఎవురు రాసింటారు?"

కళ్లజోడు పెట్టుకున్నాను. నా ఉత్తరాన్ని మొదటిసారి చదువుతున్నవాడిలా, రెండుసార్లు చదివాను.

"నువ్వంటే గిట్టనివాళ్లు ఆఫీసులో ఎవరైనా ఉన్నారేమో" అన్నాను.

"ఆఫీసోళ్లకు తూటాలు పన్నెండని ఎట్ల తెలుస్తాది?" అన్నాడు. వేళ్లు మడిచాడు. "కారులో ఉండేది నలుగురం. నాయన రాయడు. నన్ను గురించి నేను రాసుకోను. మీరు రాయరు. ఇంకెవురుండారు, మీరే చెప్పండి."

మీరు రాయరు. ఎంత తేలిగ్గా అన్నాడో. నావైపు చూసి కూడా అనలేదు.

"కవరు మీద ముద్ర ఎక్కడిది?" అన్నాను.

"అనంతపురం."

నేను కవరు కాపీని వేలితో వాడి వైపు జరిపాను. "తొందరపడి ఎవర్నీ ఏమీ అనుకోవద్దురా" అన్నాను.

"ఆ రివాల్వరు మీద చిన్నాయనకు ఎప్పట్నుంచో కన్నుంది. ఉరవకొండలో నాయన అన్లేదా?"

"అన్న మాట నిజమే" అన్నాను.

గమనించారా? ఆ పేరు నేను ఎత్తలేదు. అక్కడ కూడా ఒక్క అబద్ధం ఆడలేదు.

వాడు లైసెన్సు, అనుమతి కాగితం, అన్నీ తెప్పించి కంపెనీకి ఇచ్చాడు. సరేనన్నారు. ఆ ఏడాది కాంట్రాక్టు మాత్రం రెన్యూ కాలేదు. కారణం ఉత్తరమని ఎవరూ అనలేదు, కాదనీ అనలేదు. ఐదు నెలలు ఖాళీగా ఉన్నాడు. బిషాన్ ఇల్లు ఖాళీ చేశాడు. ఇప్పుడొక పెద్ద భవనంలో ఏసీ యంత్రాల నిర్వహణ చూస్తున్నాడు. వాడు చదివిన చదువుకూ దానికీ సంబంధం లేదు. అక్కడ అనంతపురంలో, ఇది చిన్నాయన పనేనని కొడుకు ఫోన్ చేసిన వారమే, బావ ఆ మధ్య తలుపుకు తాళం వేశాడు. గోడకు ఇవతల అన్న, అవతల తమ్ముడు. ఒకరి దగ్గు ఒకరికి వినిపించేది. మాటల్లేవు.

ఏడాది తర్వాత ఒకరోజు టీ తాగుతూ, ఎందుకో మేనల్లుడి పాత ప్లాంటు మాట వస్తే, మా అల్లుడు అన్నాడు: "ఆ రెజ్యూమే ఇవ్వద్దని అప్పుడు నేనే చెప్పానండీ మామయ్యగారూ. ఇంట్లో చుట్టరికం చాలదా, ఆఫీసులో కూడానా? మీరు బాధపడతారని మీతో అనొద్దన్నాను." చెప్పి టీ తాగేశాడు. నా గ్లాసు చేతిలోనే ఉంది.

అప్పటికి బావ బతికే ఉన్నాడు. ఆ తలుపు తెరవడానికి ఒక్క ఫోను చాలు. ఆ రోజు చెయ్యలేదు. మర్నాడూ చెయ్యలేదు. ఉత్తరం రాసినప్పుడు నాకు కోపముందని చెప్పుకోవచ్చు. ఈ మౌనానికి ఏ సాకూ దొరకలేదు.

మరో ఏడాదికి బావ పోయాడు. నేను వెళ్లాను. పాడె ఎత్తే వేళ చిన్నబావ తలగుడ్డ చుట్టుకుని ముందుకు వచ్చాడు. మేనల్లుడు అడ్డం నిలబడ్డాడు. "నువ్వొద్దు" అన్నాడు, అంతమంది ముందర. చిన్నబావ వెనక్కి జరిగి, గేటు దగ్గరున్న నా వైపు చూసి, "నా బదులు నువ్వన్నా పట్టు బావా" అన్నాడు.

పట్టాను. ఆ బరువు ఇంకా భుజం దిగలేదు.

ఆయనకు తెలుసా? తెలిసే అలా అన్నాడా? ఆయన రాయలేదని ఆయనకు తెలుసు. వేళ్లు మడవడం ఆయనకూ వచ్చు. మరి ఇన్నేళ్లుగా ఎందుకు ఊరుకున్నాడు? నా నోటితోనే రావాలనా? లేక అన్న నమ్మకపోయాక ఇక ఎవరు నమ్మితే ఏంలే అనుకున్నాడా? రివాల్వరును ఆ వారమే స్టేషన్‌లో అప్పగించారు. దాని కోసం ఆయన ఇంతవరకూ ఒక్క అర్జీ పెట్టుకోలేదు. అదొక్కటి చూసినా మేనల్లుడికి అనుమానం రావాలి. వచ్చిందేమో.

వాడే నన్ను నెలకోసారి కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళతాడు. రైలు ఎక్కేటప్పుడు మోచేయి పట్టుకుంటాడు. ఆ పట్టు కొంచెం బిగిస్తే, ఎందుకు బిగించాడా అని ఆలోచిస్తాను. వాడి భార్య కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చుంటే, ఏం చదువుతోందో నా ముఖంలో అనుకుంటాను. ఒకప్పుడు పరాయివాళ్లను అనుమానించి బతికినవాణ్ణి, ఇప్పుడు నా మీద ప్రేమ చూపిన ప్రతివాళ్లనూ అనుమానిస్తున్నాను. పోయిన నెల ఆసుపత్రిలో పిలుపు కోసం కూర్చున్నప్పుడు వాడు, "మీరు రాయడం ఎందుకు మానేసినారు మామా? ఏమన్నా రాయండి, నేను చదువుతా" అన్నాడు. ఆ మాటలో ఏముంది? ఏమీ ఉండకపోవచ్చు. నాకు మాత్రం ఆ తర్వాత నిద్ర సరిగా పట్టలేదు.

అందుకే రాశాను. క్షమించమని అడగడానికి కాదు. అది అడగాల్సిన వాళ్లలో ఒకరు లేరు, ఉన్నవాళ్లకు ఎదురుగా నిలబడే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు. ఇది కూడా సంతకం లేని ఉత్తరమే. ఇందులో మాత్రం దేన్నీ వదిలిపెట్టలేదు. రాసి పెట్టాక గుండెలో కొంచెం గాలి ఆడుతోంది. అంతవరకే.

వాడు తెలుగులో అచ్చయింది ఏది దొరికినా వదలడు. పత్రికకు పంపుతున్న ఇదీ వాడి చేతికి వస్తుంది. తువ్వాలు చుట్టిన పెట్టె, ఉరవకొండ ఉగ్గాని దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతాడు. మళ్లీ వేళ్లు మడుస్తాడు.

కారులో ఉన్నది నలుగురం. మీ నాన్న రాయలేదు. నువ్వు రాయలేదు. మీ చిన్నాయన రాయలేదు.