అలుగు యాడుందో ముకుందన్ననడుగు

ముకుంద్ బతికున్నన్నాళ్ళూ ఒక్కరికీ దారి సరిగ్గా చెప్పలేదు. మహానందికి ఎటు పోవాలంటే గోస్పాడు వైపు చెయ్యి చూపేవాడు. గోస్పాడు అడిగినవాణ్ణి మహానందికి తోలేవాడు. ఆళ్లగడ్డ నాలుగు రోడ్ల కూడలిలో ఆయన్ను దారి అడిగినవాళ్ళకు, పోవాల్సిన రోడ్డు తప్ప మిగతా మూడూ బాగా తెలిసొచ్చేవి.

ఈ గుణం వల్ల ఆయన మీద పడిన నింద గురించి ముందు చెప్పాలి. ఆదివారం పొద్దున టీవీలో ‘అడవి పక్కిల్లు’ అనే కార్యక్రమం చేసేవాడు గదా, అందులో ఒకసారి అలుగును చూపించాడు. ఒళ్ళంతా పొలుసులుండి చీమల్ని తిని బతికే అలుగు. రాష్ట్రమంతా నోరెళ్ళబెట్టి చూసింది. ఆ తర్వాత ఒక పెద్దమనిషి టీవీ చర్చలో కూర్చొని, ముకుంద్ చెప్పిన చోటికి మా మనుషులు పోయి చూసినారు, అలుగూ లేదు, దాని బొరియా లేదు, జూలో తీసి అడవి అంటున్నాడు అని తేల్చేశాడు. ఛానల్ వాళ్ళకు భయం పట్టుకుంది. ఆ చోటు మాకు చూపించు అన్నారు. చూపించనన్నాడు. ఆ వారం నుంచి ఆయన బొమ్మ కింద అక్షరాలు పరిగెత్తడం మొదలుపెట్టాయి: ‘ఇందులోని ప్రదేశాలు, జంతువులు కల్పితం.’

కాళ్ళకు ముళ్ళు గుచ్చుకొని, దోమలకు నెత్తురిచ్చి, చిరుత కోసం పొద్దస్తమానం పొదల్లో పడుకున్న మనిషి కష్టం కింద కల్పితమని రాస్తారా? నాకు ఒళ్ళు మండిపోయింది. మా మహిళా సంఘం తరఫున సంతకాలు తీస్తాను, కోర్టుకు పోదాం రమ్మన్నాను. ముకుంద్ టీ ఊదుకుంటూ, “సగం నిజమే గదక్కా” అన్నాడు. ఏ సగమో చెప్పలేదు.

ముకుంద్‌ది అహోబిలం. గుడి సేవలో ఉన్న కుటుంబం. వాళ్ళ నాయన కృష్ణస్వామి గారు కొండ మీద గుళ్ళకు యాత్రికుల్ని వెంటబెట్టుకొని పోయేవాడు. వర్షమైనా మంచైనా ఒక్క మనిషి దారి తప్పిందిలేదు. ఆ వంశం చూపించాల్సిన దారులన్నీ ఆయనే చూపించేసినట్టున్నాడు, కొడుక్కి ఒక్కటీ మిగల్లేదు.

నంద్యాల నూనెపల్లెలో మా ఇంటి పక్కనే కాపురం. భార్య వేదవతి సరిగ్గా ఆయనకు ఎదురు. ఆమె నోట అబద్ధం పలకదు. ఒకసారి నేను రాసిన కరపత్రం చూసి “ఏం బాగా లేదు” అంది. ఎట్లుందని నేను అడగను కూడా లేదు. ఈ ఇద్దరి మధ్య ఫోను సంభాషణ వీధికంతా వినోదం. యాడుండారు అని ఆమె అడిగేది. వెలుగోడులో ఉండా అని ఆయన చెప్పేవాడు. ఎదురుగా కొట్టు ముందర నిలబడి అరటిపండు తింటూనే చెప్పేవాడు. వేదవతి గడప మీద నుంచి ఆయన్నే చూస్తూ, “అట్లయితే వెలుగోడులో కొత్తిమీర కొనుక్కొని రాండి” అనేది. పోను పోను ఆమెకు ఆ భాష వచ్చేసింది. మహానంది అంటే ఆళ్లగడ్డ. ఆళ్లగడ్డ అంటే ఇంటి వెనక సందు. వెలుగోడు అంటే మాత్రం ఏమీ చెప్పడం కుదరదనేది.

ఒక పెళ్ళి వ్యాను ఆళ్లగడ్డలో కల్యాణమండపం యాడప్పా అని ఈయన్నే అడిగింది. ఖర్మ. పెళ్ళికొడుకు మేనమామ కుటుంబమంతా ముక్కూమొహం తెలియని వాళ్ళ పెళ్ళిలో భోంచేసి, చదివింపులు చదివించి, పాయసం బాగుందని పొగిడి, అక్షింతలు వేసేటప్పుడు పెళ్ళికొడుకును చూసి గుర్తుపట్టారు, వీడు మనోడు కాదని. ఆ రోజు నేను ముకుంద్‌ను నిలదీశాను. కల్యాణమండపం దారి చెప్తే నీ సొమ్మేం పోయింది నాయనా అన్నాను.

“అలవాటు చెడకూడదక్కా,” అన్నాడు. “నోరు నిజం మరిగిందంటే యాడో ఒకచోట జారుతుంది.”

జోకనుకున్నాను.

ఇంతా చేసి టీవీలో ఆయన్ను చూస్తే పిల్లా పెద్దా కదిలేవాళ్ళు కాదు. భుజాన వెలిసిపోయిన ఆకుపచ్చ తువ్వాలు, చాచిన కుడిచెయ్యి, ‘అప్పా, అట్ల చూడండి’ అనే మాట. ఆదివారం ఆ మాట వినబడితే నంద్యాలలో దోసె పెనం మీదే మాడేది.

నన్ను ఒక్కసారి తీసుకుపోయాడు. అదీ నేను నెలల తరబడి పోరితే. అప్పటిదాకా అలుగు యాడుందని అడిగినప్పుడల్లా వెలుగోడులో ఉందనేవాడు. జీపు తిరిగిన చోటే తిరుగుతోంది. ఒకే చింతచెట్టు మళ్ళీ మళ్ళీ ఎదురుపడుతుంటే, ఈ అడవిలో చింతచెట్లన్నీ ఒకే పోలికగా ఉన్నాయే అన్నాను. “అన్నదమ్ములక్కా” అన్నాడు, మొహం మీద నవ్వన్నది లేకుండా. మాతో పాటు శివమ్మ ఉంది. అడవిలో పుట్టి పెరిగిన మనిషి, అటవీశాఖలో కాపలా పని. ఆమె కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది.

పొద్దు గూకుతుండగా జీపు దిగి నడిచాం. ఒకచోట ముకుంద్ ఆగి, గుడి ముందర విప్పినట్టు చెప్పులు విప్పాడు. అంతసేపూ వాగిన నోరు మూతపడింది. చూపుడువేలుతో చూపించాడు. జన్మలో ఆయన సరిగ్గా చూపించిన దిక్కు నాకు తెలిసి అదొక్కటే.

బొరియలోంచి అలుగు వచ్చింది. ఎండిన తాటాకు రంగు పొలుసులు, ఇంటి మీద పెంకు పరిచినట్టు ఒకదాని మీద ఒకటి. తోక మొదట్లో పిల్ల అతుక్కొని ఉంది, అమ్మ బండి మీద వెనక కూర్చున్నట్టు. తల్లి వెనక కాళ్ళ మీద లేచింది. ముందుకాళ్ళు రొమ్ము దగ్గర ముడుచుకొని, పెద్దముత్తైదువ దండం పెడుతున్నట్టు అట్లే నిలబడి గాలి వాసన చూసింది. నేను ఊపిరి ఆపుకున్నాను. నా మెడలో కళ్ళద్దాల గొలుసు చిన్నగా మోగింది. అంతే. పిల్లను కడుపులోకి లాక్కొని బంతిలా చుట్టుకుపోయింది. అడవి మధ్యలో ఒక రాయి. అంతకుముందు అక్కడ ఒక ప్రాణం ఉందంటే నేనే నమ్మను. ఎన్ని ఊరేగింపులు చూసినా, ఎన్ని సభలు చూసినా నాకు అట్లా ఒళ్ళు జలదరించలేదు.

ముకుంద్ నా చెవి దగ్గర చెప్పాడు: “దీనికి పండ్లు లేవక్కా. కరవలేదు, అరవలేదు. ముడుచుకోవడమొక్కటే తెలుసు. పులి నోట్లో పెట్టుకున్నా ఈ బంతి ఊడదు. మనిషి మాత్రం సంచిలో ఏసుకొని పోతాడు.”

తిరిగొచ్చేటప్పుడు కూడా అన్నదమ్ములందర్నీ చూపించాడు.

మొన్న శ్రావణంలో ముకుంద్ పోయాడు. ఆళ్లగడ్డ బస్టాండులో, కదలబోతున్న బస్సులో, కిటికీ పక్క సీట్లో. గుండె. ఏమాత్రం ముందు చెప్పకుండా ఆగిపోయింది. అంతకు కాసేపటి ముందే వేదవతి ఫోను చేస్తే మహానందిలో ఉండా అన్నాడు. తర్వాత ఆయన ఫోనులోంచే కండక్టరు మాట్లాడాడు. పాపం ఆ అబ్బాయి ఎట్లా చెప్పాలో తెలియక తడబడుతుంటే, వేదవతే అందుకొని, “ఆళ్లగడ్డలోనే గదప్పా? వస్తాండా” అంది.

జనం ఏడ్చిన ఏడుపు నేను వర్ణించలేను. ఆటోల వెనక ఆయన బొమ్మ. బడిపిల్లల భుజాల మీద ఆకుపచ్చ తువ్వాళ్ళు. నంద్యాల శ్రీనివాస సెంటర్‌లో పూలు అయిపోయాయి. అయితే ఆయన అభిమానులు ఊరికే ఉండే రకం కాదు. ముకుందన్న నడిచిన చోట దీపం పెట్టాలని బయల్దేరారు. ఎటు? టీవీలో ఆయన చెప్పిన ఊళ్ళకు.

ఎలుగుబంటి తేనెపట్టు కొట్టిన తావు గోస్పాడు అని చెప్పాడు. వ్యాన్లు వేసుకొని గోస్పాడు పోయారు. కనుచూపు మేర వరి. మడి గట్టు మీద పూలూ కొవ్వొత్తులూ పెట్టి ఏడుస్తుంటే ఆ రైతు పరిగెత్తుకొచ్చి, ఎవరప్పా పోయింది, నా మడిలో ఎందుకేడుస్తాండారని అడిగాడు. ఈడనే గదన్నా ఎలుగుబంటి ఉండేది అన్నారు. రైతు చుట్టూ చూసుకున్నాడు. “వరిమడిలో ఎలుగుబంటి ఏందప్పా? నాట్లు ఏసేదానికా?” అన్నాడు. అయినా పాపం అందరికీ కడవతో నీళ్ళు పోశాడు. మర్నాటి నుంచి ఆ చుట్టుపక్కల కూలీలు మడిలో దిగడానికి వెనకాడారని విన్నాను.

నవ్వులాటగా మొదలైంది చివరికి నవ్వులాటగా ఉండలేదు. ఒకచోట ఎలుగు లేదు, ఇంకోచోట చిరుత లేదు. అభిమానుల్లోనే గుసగుస పుట్టింది. కల్పితమని రాసింది నిజమేనేమో, అన్న మనల్ని మోసం చేశాడేమో అని. పాత పెద్దమనిషి మళ్ళీ టీవీలోకొచ్చి, నేను అప్పుడే చెప్పాను అన్నాడు.

అభిమానుల సంఘానికి పెద్ద అక్షయ. అనంతపురంలో చదువుకునే పిల్ల. కర్మ అయిన తర్వాతి వారం నాలుగు వ్యాన్ల జనంతో నూనెపల్లెకొచ్చింది. జనాన్ని వీధిలో నిలబెట్టి తనొక్కతే లోపలికొచ్చి కూర్చుంది. ఆళ్లగడ్డలో శిల్పికి విగ్రహం చెప్పాం, అలుగు ఉండే చోటే నిలబెడతాం, అందరం చూస్తాం, వీడియో తీస్తాం, కల్పితమన్నోళ్ళ నోళ్ళు మూయిస్తాం అని గుక్క తిప్పుకోకుండా చెప్పి, వేదవతి చేతులు పట్టుకుంది. “ఆ అలుగు యాడుందో చెప్పమ్మా. అన్న పేరు నిలబెడదాం.”

శివమ్మ కూడా ఆ రోజు పలకరించడానికి వచ్చి గోడవారగా కూర్చొని ఉంది. నేనైతే ఆగలేకపోయాను. చెప్పు వేదవతీ, ఎన్నేళ్ళు మోస్తావు ఈ నింద, నిజం బయటపడాల్సిందే అన్నాను. వేదవతి మొగుడి పటం వైపు చూసింది. ఆమెకు ఆ చోటు తెలుసు. మొగుడి పేరు కడిగే మాట ఆమె నాలుక చివరే ఉంది.

అప్పుడు శివమ్మ నోరు విప్పింది.

“మొదాట్లో ముకుందసామి నిజమే చెప్పేటోడు పాపా. మొట్టమొదటి ఆదివారం నక్షత్ర తాబేళ్ళను చూపించినాడు. ఊరి పేరు, వంక పేరు అన్నీ సక్కంగా చెప్పినాడు. మళ్ళా ఆదివారానికి మేం పోయి చూస్తే ఒక్కటి ల్యా. సంచుల్లో ఏసుకొని పోయినారు. సామి ఆ వంకలో కూసోని చిన్నపిల్లోని మాదిరి ఏడ్సినాడు. నా నోరే శివమ్మా వాటిని తినింది అన్నాడు. ఆ పొద్దు నుంచి ఆయప్ప నోట నిజం వచ్చింది ల్యా. కల్యాణమండపానికి గూడా.”

అక్షయ వేదవతి చేతులు వదిలేసింది. వీధిలో జనం ‘ముకుందన్న’ అని అరుస్తున్నారు.

వేదవతి లేచి గడప మీదికి పోయింది. జన్మలో అబద్ధం పలకని మనిషి. ఆమె కొంగు నడుముకు దోపి, జనాన్ని ఒకసారి కలయజూసి, “అలుగు వెలుగోడులో ఉంది. విగ్రహం ఆడనే పెట్టండి” అంది.

జనం ఈలలు వేశారు. లోపలికొచ్చిన వేదవతి మా మొహాలు చూసి, “ఏందట్ల చూస్తారు? నేనేం అబద్ధం చెప్పినా?” అంది. “అంత పెద్ద వెలుగోడు చెరువుకు అలుగు లేకుంటే నీళ్ళు యాడికి పొర్లిపోతాయి?”

అక్షయకు ముందు అర్థమైంది. నోటికి చున్నీ అడ్డం పెట్టుకొని నవ్వుతూ ఏడుస్తూ బయటికి పోయి, ‘వెలుగోడే, పదండి’ అని జనానికి చెప్పింది. ముకుంద్ నాతో అలుగు వెలుగోడులో ఉందని చెప్పిన ప్రతిసారీ ఏ అలుగు గురించి చెప్పాడో నాకూ అప్పుడే వెలిగింది.

విగ్రహం చెక్కే బ్రహ్మయ్యాచారి నంద్యాలకు వచ్చి ఒక్కటే సందేహం అడిగాడు. చాచిన కుడిచెయ్యి ఉంది గదమ్మా, అది యాపక్క చూపాల? వేదవతి ఆలోచించనే లేదు. “అడివి యాపక్కుందో ఆ పక్కకు మాత్రం వద్దు” అంది.

ఇప్పుడు వెలుగోడు చెరువు అలుగు దిగువన ముకుంద్ నిలబడి ఉన్నాడు. నల్లమలకు వీపు పెట్టి, ఇంటి తలుపుకు అడ్డం నిలబడ్డట్టు. చెయ్యి పంటపొలాల వైపు చూపిస్తోంది. రాతిలో కూడా తప్పు దారే. కింద దిమ్మె మీద అక్షయ చెక్కించిన మాట ఉంది: ‘ఈ ప్రదేశం కల్పితం. జంతువులు నిజం.’ సగం నిజమన్నది ఏ సగమో ఆ పిల్ల తేల్చేసింది.

చదివేవాళ్ళకు ఒక్క విన్నపం. అడవిలో ఏదైనా అపురూపమైన ప్రాణి మీకు కనబడితే కళ్ళారా చూడండి, ఫొటో తీసుకోండి, నలుగురికీ చూపించండి. తావు పేరు మాత్రం పెట్టకండి. ఫోనులో లొకేషన్ ఆపండి. ఇంతకుముందు పెట్టినవి ఉంటే ఈ పూటే తీసేయండి. యాడ అని ఎవరైనా అడిగితే ముకుందన్నను తలుచుకొని చెయ్యి ఎటో ఒకటు చూపించండి. దాని పాపం నాది.

అలుగు వెలుగోడులో లేదని నువ్వే చెప్పేస్తివి గదా, ఇక మిగతా కొండలు వెతుకుతాం అనుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే, మీకెందుకు శ్రమ? నేరుగా నూనెపల్లెకు వచ్చి నన్నే అడగండి. దారి వివరంగా చెప్తాను. మధ్యలో చింతచెట్లు తగులుతాయి, అన్నదమ్ములు. అవి దాటి నేరుగా పోతే గోస్పాడు వస్తుంది. ఆ రైతు మంచోడు, నీళ్ళిస్తాడు.