బావ కారులో తడి

కారులోకి వాననీళ్లు దూరాయంటే చాలు, ఆ పేటలో అందరికీ ముందు గుర్తొచ్చేది తుండే. అసలు పేరు ఏమిటంటే కట్టుకున్న భార్య కూడా ఓ క్షణం తడుముకుంటుంది. భుజం మీద ఎప్పుడూ తుండుగుడ్డ వేలాడుతుంటుందని ఆ పేరు పెట్టింది అతని అక్క మొగుడు. పెట్టి ఊరుకున్నాడా! కనబడ్డవాళ్లకల్లా చెప్పి పేటంతా అంటించాడు. మొదట్లో తుండుకు ఒళ్లు మండేది. ఇప్పుడు అసలు పేరు పెట్టి పిలిస్తే తిరిగి కూడా చూడడు.

చేసేది కార్ల సీట్లు కుట్టే పని. వానలు మొదలైతే మాత్రం తడిసిన కార్లు ఆరబెట్టడానికే పొద్దు చాలదు. ఇన్నేళ్లు చేసినా నీళ్లంటే అతనికి ఆశ్చర్యం తీరలేదు. పైన చెయ్యి పెడితే కార్పెట్ పొడిగానే ఉంటుంది, కింద స్పాంజి మాత్రం బిందెడు నీళ్లు తాగి ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది. ముందు అద్దం దగ్గర దూరిన చుక్క వెనక సీటు కింద తేలుతుంది. "దీని తెలివి చూడండి! దారి ఎవరు చెప్పారంటారు దీనికి?" అని కారుగలవాళ్లనే అడుగుతాడు. వాళ్లు నెత్తిన చెయ్యి పెట్టుకుని ఉంటే ఈయనగారికి సంబరం. చిర్రెత్తుకు రాదూ మరి!

ఆ రోజు మాత్రం సంబరం లేదు. తడిసింది అక్కావాళ్ల కారు. సామాన్ల సంచీ పట్టుకుని అక్క ఇంటికి వెళ్లేసరికి ఆవిడ గేటు దగ్గరే ఆపి గొంతు తగ్గించింది.

"రేపు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్లాలిరా. మందు ఎక్కించే రోజు. మీ బావ రానంటున్నాడు. ఆ కారు కంపులో కూర్చోలేనని ఒకటే పాట. పోనీ వేరే బండి మాట్లాడతానంటే అదీ ఎక్కనంటాడు. వంక దొరికింది కదా!"

"కంపు పోతే వస్తాడా అక్కా?"

"ఏమోరా. ఆ వంకైనా లేకుండా చెయ్యి. ఈసారి మానేస్తే ఇప్పటిదాకా చేసిందంతా నీళ్లపాలేనన్నారు డాక్టరుగారు."

బావ వరండాలో గోడవైపు తిరిగి కూర్చున్నాడు. పప్పుల కొట్టు నడిపినన్నాళ్లూ ఆ నోటికి మూత ఉండేది కాదు. బావమరిది కంటపడితే మరీను, ఆట పట్టించందే మంచినీళ్లు ముట్టేవాడు కాదు. జబ్బు చేసి కొట్టు మూసేశాక మాట తగ్గింది. ఈమధ్య పూర్తిగా ఆగిపోయింది.

"బావా, వచ్చాను," అన్నాడు తుండు.

బావ తల ఊపాడు. తుండూ అని కూడా అనలేదు.

ముందు బ్యాటరీ తీగ విప్పాడు. బోల్టులు ఊడదీసి సీట్లన్నీ ఎండలో పెట్టాడు. ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర చెయ్యి పెడితే కుళ్లిన ఆకులు గుప్పెళ్లకొద్దీ వచ్చాయి. నీళ్లు బయటికి పోయే కన్నం పూడుకుపోయి వానంతా లోపలికే దారి పట్టింది. ఆకులు లాగేసి చెంబుతో నీళ్లు పోసి చూశాడు. బుద్ధిగా కింద నేలమీద కారాయి. "దొరికావే దొంగా!" అన్నాడు పైకి, వరండా వైపు ఓ కన్నేసి. అక్కణ్నుంచి ఉలుకూ పలుకూ లేదు.

ఇక కార్పెట్. వెనక సీటులోవాళ్లు కాళ్లు పెట్టుకునే చోట అది ఉబ్బి ఉంది. తడికి ఉబ్బిందనుకున్నాడు. అరచేత్తో నొక్కితే మెత్తగా దిగి, చెయ్యి తీయగానే మళ్లీ లేచింది. ఇదేం చోద్యం అనుకుంటూ అంచు పట్టి లాగాడు. లాగినవాడు లాగినట్టే ఉండిపోయాడు.

కార్పెట్ కింద మొలకలు! ఒకటీ అరా కాదు, ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా. తెల్లటి కాడలు, వెలుతురు చూడని లేత పసుపు ఆకులు. నిలబడే చోటు లేక నడుములు వంచి, ఒకదాన్నొకటి ఆనుకుని, అంత బరువు కార్పెట్‌నీ వీపుల మీద మోస్తున్నాయి. వేళ్లు స్పాంజిలోకి దిగిపోయాయి. తీరా చూస్తే పెసలు. బావ ఈ కారులోనే కొట్టుకు బస్తాలు తెచ్చేవాడు. ఏ బస్తాకో చిల్లుపడి గింజలు సందుల్లోకి జారి ఉంటాయి.

కార్పెట్ల కింద తుండుకు చెప్పులు దొరికాయి, బొమ్మలు దొరికాయి, ఓసారి బతికున్న కప్ప దొరికింది. ఇలాంటిది మాత్రం కలలో కూడా చూడలేదు.

"అక్కా! ఇటు రా, తొందరగా రా!"

అక్క పరుగున వచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఓలమ్మో! వీటిమీదే కదరా మేం కాళ్లు పెట్టుకుని తిరిగింది!"

పీకెయ్యాలి. ఆ స్పాంజి తీస్తే గానీ కారు ఆరదు. పీకడానికి అతనికి చేతులు రాలేదు. స్పాంజిని ముక్కగా కోసి, మొలకలతో సహా ఎత్తుకుని వరండాలోకి నడిచాడు. మోచేతుల వెంట నీళ్లు కారుతున్నాయి. బావకీ గోడకీ మధ్య గొంతుక్కూర్చున్నాడు.

"బావా, చూడు. నీ కాళ్ల కిందే ఉన్నాయి ఇన్నాళ్లూ."

బావ చూశాడు. చూస్తూనే ఉన్నాడు. వేలితో ఒక కాడను మెల్లిగా పైకెత్తాడు. వేలు తీస్తే అది వంగిపోయింది. మళ్లీ ఎత్తి, ఈసారి పట్టుకునే ఉన్నాడు.

"పెసలు," అన్నాడు బొంగురుగా. "మన కొట్టువేరా ఇవి. ఎప్పటివి! నేను మర్చిపోయాను, ఇవి మర్చిపోలేదు చూడు."

అక్క కళ్లు తుడుచుకోవడానికి తమ్ముడి భుజం మీది గుడ్డ లాక్కుంది. "ఇది తడిసి ముద్దయిందిరా," అంది ఏడుపులోనే.

బావ తలెత్తి బావమరిదిని ఎగాదిగా చూశాడు. పెదవి ఓ పక్కకి వంకర తిరిగింది. ఆ వంకర తుండుకు బాగా తెలుసు.

"ఒరేయ్ తుండూ, నిన్ను కారు ఆరబెట్టమని పిలిస్తే పంట వేశావేంట్రా?"

తుండు తడిగుడ్డను అక్క చేతిలోంచి తీసుకుని మళ్లీ భుజాన వేసుకున్నాడు.

"సరే, ఆ కంపు రేపటికి పోతుందా?" అన్నాడు బావ.

"పోతుంది బావా. పొద్దుగూకేదాకా ఎండ ఉంది, ఫ్యాన్లు పెడతాను, కొత్త స్పాంజి వేస్తాను..."

"పోకపోతే ముక్కు మూసుకుని కూర్చుంటాలే. ముందు వీటికి కాస్త వెలుతురు తగిలే చోటు చూడు," అని బావ కుర్చీని గోడవైపు నుంచి వాకిలివైపు తిప్పుకున్నాడు.