మూడు భాషల్లో చూసిన గోలీల వీడియో

నాకు తెలుగు, మరాఠీ, హిందీ మూడూ చదవడం వచ్చు. మహారాష్ట్ర కొసనున్న మా సిరొంచలో నా కుట్టుమిషన్ దగ్గరికి బ్లౌజు గుడ్డలతో పాటు సర్కారు కాగితాలూ వస్తాయి, చదివి చెప్పమని. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది, దాచుకోను.

అంకిసలో ఉండే మా చెల్లికి పోయినేడు డిప్రెషన్ వచ్చింది. తిండి మీద, పిల్ల మీద, దేని మీదా మనసు లేకుండా గోడవైపు తిరిగి పడుకునేది. ప్రాణహిత దాటించి మంచిర్యాల డాక్టరుకు చూపించాం. గోలీలు మొదలుపెట్టిన రెండు నెలలకు లేచి నాట్లకు పోయింది. అయినా నేనుండబట్టలేక ఫోన్ తెరిచాను.

ఆ గోలీలకు బానిసలవుతారని, మెదడు మొద్దుబారుతుందని తెలుగులో ఒక వీడియో. ఒక్కడు చెప్తే నమ్మేంత అమాయకురాలినా నేను? మరాఠీలో వెతికాను, అదే మాట. హిందీలోనూ అదే. చూపు మిషన్ మీద, చెవి ఫోన్ మీద. ముగ్గురు చెప్పాక ఇంకేం కావాలి! అంకిసకు పోయి గోలీలన్నీ నా సంచిలో వేసుకున్నాను.

"మంచిగనే ఉన్న గదనే అక్కా," అంది చెల్లి.

"నువ్వు ఊకో. నీకేం ఎరుక?" అన్నాను.

మూడు వారాలకు మరిది ఫోన్ చేశాడు. "వదినా, మల్ల గోడ దిక్కే తిరిగి పన్నది. నాకు పరేషాన్ అయితాంది, జర జల్ది రా."

మళ్లీ మంచిర్యాల. గోలీలు ఎవరు ఆపారని డాక్టరు అడిగితే, నేనేనని దర్జాగా చెప్పి ఫోన్ ముందు పెట్టాను. ఆయన చప్పుడు తీసేసి మూడు వీడియోలూ నాకే చూపించాడు. ఓర్నీ! అదే మనిషి, అదే అంగీ, చివర గోలీలకు బదులంటూ అమ్మే పౌడర్ డబ్బా కూడా అదే. గొంతులే వేరు.

"ముగ్గురు కాదమ్మా, ఒక్కడే. గోలీలు ఒక్కసారే ఆపొద్దు. ఆపే టైమొస్తే నేనే చెప్త, మెల్లమెల్లగ తగ్గిద్దాం," అన్నాడు. నా సంచిలోని గోలీలు తీసి ఆయన బల్ల మీద పెట్టాను.

ఇప్పుడు ఎవరు వీడియో తెచ్చినా ముందు చివర్లో ఏం అమ్ముతున్నాడో చూస్తాను. పౌడర్ కనిపిస్తే తిట్టి పంపిస్తాను. ఆ తిట్లలో సగం నాకే.

చెల్లి మళ్లీ కోలుకోవడానికి చాలా రోజులు పట్టింది. నామీద కోపం తెచ్చుకునేంత ఓపిక వచ్చిన రోజు నిలదీసింది.

"ఫోన్‌ను మూడు భాషలల్ల అడిగినవు. మింగేదాన్ని నేను. నన్ను ఒక్కపారన్న అడిగినవానే?"

అడగలేదు. అడగకుండానే చెప్పింది, విననూ లేదు.