వాసన చూడని సాలు

మిరపకాయ కోతకు కూలీలను తీసుకెళ్లే మేస్త్రి అంటే మగవాడే అనుకుంటారు. సత్తెనపల్లి పక్కన మా ఊళ్లో మాత్రం రాజ్యం అనే ఆవిడ మేస్త్రి. మనిషి నాలుగున్నర అడుగులు. పదహారు మంది ఆడవాళ్లను ఒక్క కేకతో ఆటో ఎక్కించే గొంతు. ఆటోకి హారన్ దండగని మనవలు చాటుగా నవ్వుకుంటారు.

చేలో దిగే ముందు ఆమెకొక పద్ధతుంది. ముందు తనే నాలుగు సాళ్లు లోపలికి వెళ్లి, ఆకు తుంచి, అరచేతిలో నలిపి వాసన చూస్తుంది. పురుగుమందు కంపు కొడితే రైతు ఎంత బతిమాలినా ముఠా వెనక్కి తిరగాల్సిందే. ఇరవయ్యేళ్లుగా తన ముక్కు తప్పలేదని ఆమె గొప్ప.

మొన్న ఫిబ్రవరిలో నాగేంద్రబాబు చేనుకు వెళ్లారు. రోజూ "ఏమే రాజ్యం" అనే మనిషి ఆవేళ గట్టు మీద కుర్చీ వేయించాడు.

"రా పిన్నీ, ముందు కాఫీ తాగు. చేను ఎక్కడికి పోద్ది?"

మేస్త్రికి కుర్చీ వేసిన రైతు అంతవరకూ లేడు. రాజ్యం కూర్చుంది. మందు కొట్టి వారమైందని అతనంటే నమ్మి, కూర్చున్నచోటు నుంచే ముఠాను దిగమని చెయ్యూపింది. కాఫీలో చక్కెర ఎక్కువైందని వంక కూడా పెట్టింది.

పదిగంటలకల్లా కోటేశ్వరి సాలు మధ్యలో కూలబడి వాంతి చేసుకుంది. నోట్లోంచి చొంగ కారుతోంది, పిలిస్తే పలకడం లేదు. రాజ్యం పరుగెత్తి పక్కనున్న ఆకు తుంచింది. ముక్కు దాకా తేవాల్సిన పని లేకపోయింది. అది నిన్న సాయంత్రం కొట్టిన మందు.

కోటేశ్వరిని ఆటోలో పడుకోబెడుతుంటే నాగేంద్రబాబు దగ్గరికొచ్చి, ఆసుపత్రిలో ఎండదెబ్బ అని చెప్పమన్నాడు. మందని చెబితే పోలీసులొస్తారని, ఆకు చూడకుండా దింపిన మేస్త్రి పేరూ అందులో పడుతుందని గుర్తుచేశాడు. ఆ మాట నిజమే. అందుకే అతని మొహం చూస్తే ఆమెకు రోత పుట్టింది. అతనిచ్చిన కాఫీతో ఇంకా తియ్యగా ఉన్న తన నోరంటే అంతకన్నా రోత పుట్టింది.

ఆమె గట్టు కింద తుప్పల్లో వెతికి, ఖాళీ మందు డబ్బా తీసి కవరులో చుట్టుకుంది. డాక్టరు ఏమైందని అడగ్గానే దాన్ని బల్ల మీద పెట్టింది.

"ఎండ కాదండీ, ఇది. నిన్న కొట్టారు. నేను ఆకు చూడకుండా దింపాను. నా పేరు రాసుకోండి."

మందేదో తెలిశాక వైద్యం చకచకా సాగింది. పోలీసులు వచ్చి రైతు పేరూ, మేస్త్రి పేరూ రాసుకుపోయారు. మూడో రోజుకి కోటేశ్వరి లేచి కూర్చుంది. ముఠా అంతా మంచం చుట్టూ ఉండగా, వేరే మేస్త్రిని చూసుకోమని రాజ్యం చెప్పింది. కోటేశ్వరి గోడవైపు తిరిగింది. మళ్లీ ఇటు తిరిగి అంది:

"ఏం వదినా, మమ్మల్నొదిలేసి ఇంట్లో కాఫీ తాగుతా కూర్చుంటావా? పనికి రా. ఆకు నువ్వే చూడు. నువ్వు చూశాక నేనూ చూస్తా."

ఆ చివరి మాట రాజ్యానికి చెంపదెబ్బలా తగిలింది.

ఇప్పుడు ప్రతి చేలోనూ ఇద్దరూ ఆకు నలుపుతారు. కోటేశ్వరి తలూపితేగానీ ఎవరూ దిగరు. ఎవరైనా కుర్చీ వేస్తే రాజ్యం దాని మీద అన్నం క్యారేజీ పెట్టి చేలోకి వెళ్తుంది. ఇంట్లో కాఫీ ఇస్తే గ్లాసు ముక్కు దాకా తెచ్చుకుని, మొహం చిట్లించి, పక్కన పెట్టేస్తుంది. చక్కెర తక్కువైందంటుంది. ఎవరూ నమ్మరు.