సెల్ఫ్ అందుకోని ట్రాక్టరు

మా ఆయన పోయిన కార్తీకంలో పొలంలోనే కన్నుమూశారు. పత్తి చేలోంచి ట్రాక్టరు తోలుకొస్తూ కాలవ గట్టు ఎక్కారు. గట్టు కింద పత్తి తీసే ఆడవాళ్లు అన్నాలకు కూర్చుని ఉన్నారు. బండి ఉన్నట్టుండి ఆగిందనీ, ఇంజను చప్పుడు కూడా ఆగిపోయిందనీ, ఏమిటా అని తలెత్తి చూస్తే ఆయన స్టీరింగు మీద వాలిపోయి ఉన్నారనీ వాళ్లే నాకు చెప్పారు.

"ప్రాణం పోతా కూడా బండి ఆపే పోయాడమ్మా. లేకపోతే మా మీదకి దొర్లేది" అని వాళ్లలో ఒకామె ఇప్పటికీ నన్ను చూస్తే కళ్లు తుడుచుకుంటుంది.

ఆ బండిని ఎవరో తమ ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చి మా కల్లం పక్కన రేకుల పాకలో పెట్టారు. తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. కలిసిరాని బండి, అమ్మేయమన్నారు చుట్టాలు. నేను అమ్మలేదు. పాక వైపు చూడకుండా కల్లంలోకి వెళ్లి వచ్చేదాన్ని.

మిరపకాయ ఎండి, బస్తాలకెత్తే రోజున దక్షిణాన మబ్బు పట్టింది. ఊళ్లో బళ్లన్నీ ఎవరి కల్లాల్లో వాళ్లకే చాలడం లేదు. ఇక మా బండే తీయాలి. మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, వ్యవసాయం మానేసి చాలాకాలమైంది. అయినా కబురు పెట్టగానే వచ్చారు. బ్యాటరీ మాత్రం ముందురోజే ఛార్జింగు పెట్టించి ఉంచాను. ఎందుకు పెట్టించానో ఆ రోజు నాకే తెలియదు.

బావగారు పాక గుమ్మంలోనే నిలబడిపోయారు. "నేను ఆ సీట్లో కూర్చోలేనమ్మాయ్. నువ్వు తాళం తిప్పు, నేను కింద చూస్తాను" అన్నారు.

ఎక్కి కూర్చున్నాను. సీటు మీద దుమ్ము పేరుకుపోయి ఉంది. తాళం తిప్పితే లోపల టక్‌మని ఒక్క చప్పుడు. అంతే. ఇంజనును తిప్పే సెల్ఫ్ తిరగలేదు.

"లైట్లెయ్యి" అన్నారు బావగారు. వేశాను. బాగానే వెలిగాయి. "ఇప్పుడు తిప్పు" అన్నారు. టక్‌మంది, లైట్లు కొడిగట్టిన దీపాల్లా అయిపోయాయి.

ఆయన మొహం వాడిపోయింది. "బ్యాటరీ మంచిదే అంటున్నావు. ఇంజను తిరక్కుండా పట్టేసిందేమోనమ్మా. అదే అయితే ఇక దీని పని అయిపోయినట్టే."

ఆ మాట వినగానే, అన్నాళ్లూ మొహం తిప్పుకున్న బండి కోసం ఇంత దుఃఖం ఎక్కడ దాచుకున్నానో అనిపించింది. ఇంజను తిరుగుతుందేమో చూద్దామని కల్లంలో కూలీలను పిలిచి, గేరులో వేసి, అందరం కలిసి వెనక నుంచి నెట్టాం. బండి మొరాయించి మొరాయించి జానెడు కదిలింది. ఇంజను ముందున్న ఫ్యాను చిన్నగా తిరిగింది.

"తిరిగిందక్కా!" అంది ఒకామె.

"పట్టెయ్యలేదు" అన్నారు బావగారు, ఊపిరి వదిలి. "కరెంటే ఎక్కడో ఆగిపోతోంది."

మళ్లీ న్యూట్రల్ చేసి, మళ్లీ మళ్లీ తాళం తిప్పాను. ఆయన బ్యాటరీ కొసల మీద పేరుకున్న తెల్లటి పొడిని వేడినీళ్లతో కడిగి, వైర్లు బిగించారు. అయినా టక్‌మనడమే. విసుగొచ్చి దిగి, బ్యాటరీ దగ్గర నుంచి వైరు పట్టుకుని తడుముకుంటూ వెళ్లాను. ఇంజను కింద బోల్టుకు బిగించిన చోట చెయ్యి చురుక్కుమంది.

"బావగారూ, ఇక్కడ కాలిపోతోంది!"

ఆయన వంగి చూశారు. అది బ్యాటరీని ఇంజను ఇనుముకు కలిపే ఎర్త్ వైరు. బోల్టు కింద మట్టీ తుప్పూ పొరలు కట్టి ఉన్నాయి. "కరెంటు ఇక్కడ దాటలేక వేడెక్కుతోంది" అంటూ బోల్టు విప్పారు. కొడవలి మొనతో ఆయన ఇనుమును గీకారు, గరుకు కాగితంతో నేను వైరు కొసను రాగి మెరిసేదాకా రుద్దాను. మళ్లీ బిగించేటప్పటికి మొదటి చినుకులు రేకుల మీద పడ్డాయి.

తాళం తిప్పాను. సెల్ఫ్ గిర్రున తిరిగింది. ఇంజను దగ్గి, నల్లటి పొగ కక్కి, అందుకుంది. బావగారు రెండు చేతులతో మడ్‌గార్డు పట్టుకుని తల దించేసుకున్నారు. భుజాలు కదిలిపోతున్నాయి. తమ్ముడు పోయిన రోజున ఆయన ఏడవలేదు.

బండి వెనక ట్రక్కు తగిలించి, బస్తాలు దాంట్లోకి ఎత్తి టార్పాలిన్ పట్ట కప్పాం. ఇంకా ఎత్తని కాయ కొంత తడిసింది, ఏమీ చేయలేకపోయాం. బండి తోలడం మా ఆయన ఒకప్పుడు సరదాకు నేర్పారు. బావగారు మడ్‌గార్డు మీద కూర్చుని "మెల్లిగా, మెల్లిగా" అంటుంటే నేనే ఊళ్లోకి తోలుకొచ్చాను.

మా వీధి మలుపు తిరిగేసరికి మా అత్తగారు చెప్పులైనా లేకుండా వానలోకి పరుగెత్తుకొచ్చారు. అది కొడుకు బండి చప్పుడని ఆమెకు ఇంట్లోంచే తెలిసిపోయి ఉంటుంది. సీట్లో నన్ను చూసి ఠక్కున ఆగిపోయారు.

తర్వాత దగ్గరికొచ్చి, తన కొంగుతో నా మొహం తుడిచి, "తడిసిపోయావు, దిగమ్మా" అన్నారు.