చెప్పుల్లేని పదకొండు చలికాలాలు

జర్మనీలో కెమ్నిట్స్ అనే ఊళ్లోని ఆ ఐదంతస్తుల మేడలో మూడో అంతస్తు ఎవాల్డ్ తాతది. నలభై ఏళ్లు లేత్ మిషన్ మీద ఇనుము చెక్కి రిటైరైన మనిషి. దేవుడి మీద ఆయనకు పెద్దగా నమ్మకం లేదు గాని, హీటరుకు బిగించిన గాజు గొట్టం మీద మాత్రం మహా భక్తి. ఆ మేడలో వేడినీళ్లు పారే ప్రతి హీటరుకూ చిటికెన వేలంత గొట్టం ఉంటుంది. లోపల రంగునీళ్లు. హీటరు ఎంత కాలితే అవి అంత ఆవిరైపోతాయి. ఏడాదికోసారి ఒక మనిషి టార్చిలైటుతో వచ్చి ఎంత తగ్గాయో రాసుకుపోతాడు, దాన్నిబట్టి బిల్లు. పదకొండేళ్లుగా తాత గొట్టాల్లో నీళ్లు తగ్గీ తగ్గనట్టే ఉన్నాయి.

ఆ బిల్లును ఆయన కింద ఉత్తరాల పెట్టెల పక్కనున్న బోర్డుకు గుచ్చేవాడు. చూడనట్టు వెళ్లిపోయేవాళ్లను నిలేసి మరీ చూపించేవాడు. భార్య రోజ్‌విత బతికుండగా ఈ వేషాలు సాగలేదు. ఆమె హీటరు మరను మూడు మీద పెట్టేది, ఈయన వెనకే వెళ్లి రెండు మీదికి తెచ్చేవాడు. ఆమె చనిపోయిన ఏడాది మర మంచుపువ్వు గుర్తు మీదికి దిగింది. అంటే హీటరులో నీళ్లు గడ్డకట్టకుండా ఉంటాయి, అంతే. మళ్లీ అక్కణ్ణుంచి కదల్లేదు.

తాత విద్యలు చాలానే ఉన్నాయి. పొద్దున్నే గుడ్లు ఉడికించేటప్పుడు పెట్టే గంట పెట్టుకుని, ఇంట్లో చెమ్మ పోయేలా సరిగ్గా ఐదు నిమిషాలు కిటికీలన్నీ బార్లా తెరిచేవాడు. రోజ్‌విత పాత మేజోళ్లలో ఇసుక నింపి, పాములా కుట్టి, తలుపు కింద సందుకు అడ్డం పెట్టేవాడు. బయట మోకాలి లోతు మంచు పడుతుంటే ఇంట్లో చెప్పుల్లేకుండా తిరిగేవాడు. వచ్చినవాళ్లు నోరు వెళ్లబెడితే, "ఇది బుర్రతో పుట్టిన వేడి" అని నుదురు తట్టి చూపించేవాడు.

ఆయన ఎగతాళికి ఎప్పుడూ దొరికేది సరిగ్గా కింది ఇంట్లో ఉండే గెర్లిండ్. బడి వంటశాలలో పనిచేసి మానేసిన మనిషి. దిండు మీద గుచ్చి చెక్క కండెలతో లేసు అల్లుతుంది. కీళ్లనొప్పుల వేళ్లు చలికి బిగుసుకుపోతాయి కనుక ఆమె హీటర్లు ఎప్పుడూ నాలుగు మీదే. మెట్ల మీద ఎదురైతే తాత ఊరుకునేవాడు కాదు. వీధిలో పిచ్చుకలక్కూడా వేడి పంచుతున్నారా అని అడిగేవాడు. పంచితే పుణ్యమే కదా అని ఆమె నవ్వి వెళ్లిపోయేది.

ధరలు మండిపోయిన ఆ చలికాలం, హీటర్లకు నెలనెలా కట్టే మొత్తాన్ని రెట్టింపు చేస్తున్నామని అందరికీ ఉత్తరాలొచ్చాయి. గెర్లిండ్ ఆ ఉత్తరం పట్టుకుని మొట్టమొదటిసారి తాత గుమ్మం ఎక్కింది. తనకూ కాస్త నేర్పమంది. తాతకు ఆరోజు అన్నం సయించలేదు, అంత సంబరం. రెండు గంటలు పాఠం చెప్పాడు. ఒక ఇసుక పామును కానుకగా ఇచ్చాడు. తానే కిందికి వెళ్లి ఆమె మరలన్నీ మంచుపువ్వు మీదికి తిప్పి, మొదటి వారమే కష్టమనీ తర్వాత ఒంటికి అలవాటవుతుందనీ ధైర్యం చెప్పి వచ్చాడు.

డిసెంబరు మొదలయ్యేసరికి తాత ఇంట్లో ఇరవై ఉండే థర్మామీటరు పద్నాలుగుకు పడింది. ముందు కిటికీలను అనుమానించాడు. అంచుల వెంట అగ్గిపుల్ల వెలిగించి, ఎక్కడ వణికితే అక్కడ టేపు అంటించాడు. తర్వాత తన ముసలితనాన్ని అనుమానించాడు. ఉన్ని మేజోళ్లు తొడిగాడు, వాటి మీద చెప్పులు వేశాడు. స్నానాల గది మూల నల్లటి బూజు పట్టింది. దాని మీద తువ్వాలు వేలాడదీసి, జలుబు చేసిందని చెప్పి కూతుర్ని రావద్దన్నాడు. కింది నుంచి దగ్గు వినిపిస్తే టీవీ అనుకున్నాడు.

ఒక పొద్దున మంచం కిందికి జారిన చెప్పు కోసం వంగి నేల మీద అరచెయ్యి ఆన్చాడు. బండలా చల్లగా తగిలింది. పదకొండేళ్లలో ఆ నేల ఎప్పుడూ అలా లేదు. కిటికీల గంట మోగింది. తాత లేవలేదు. అది మోగి మోగి ఆగిపోయింది.

కిందికి దిగి తలుపు తట్టాడు. గెర్లిండ్ కోటుతో, టోపీతో తలుపు తీసింది. వెనక బల్ల మీద లేసు దిండుకు గుడ్డ కప్పి ఉంది.

"మరలు నాలుగు మీద పెట్టెయ్యండి గెర్లిండ్ గారూ" అన్నాడు తాత గుమ్మంలోనే.

"మీరేగా వద్దన్నది."

"నా తెలివేం లేదండీ అందులో. ఇన్నేళ్లూ కింద మీరు కాలిస్తే పైన నేను చలి కాచుకున్నాను."

"తెలుసు. చలికాలమంతా మీ ఒట్టి పాదాల చప్పుడు నా నెత్తి మీదేగా. సొమ్మొకరిది సోకొకరిది అని నవ్వుకునేదాన్ని. రోజ్‌విత పోయాక గొప్ప చెప్పుకోవడానికి మీకు ఇంకేం మిగిలింది గనక" అని ఆమె దగ్గింది. "ఈమధ్య చెప్పుల చప్పుడు వింటున్నాను."

ఇకమీద ఆమె బిల్లులో సగం తనదన్నాడు తాత. ముందు మీ ఇల్లు వెచ్చబెట్టుకోండి, నా మరలూ తిప్పుతానులెండి అందామె.

తాత పైకొచ్చి మరలన్నీ మూడు మీద పెట్టాడు. ఏ హీటరులోనూ ఉలుకూ పలుకూ లేదు. పదకొండేళ్లు కదలక మరల లోపల వేడినీళ్లు వదిలే ఇనుప పుల్లలు బిగుసుకుపోయాయి. నూనె పోశాడు, సుత్తితో తట్టాడు. నలభై ఏళ్లు ఇనుముతో వేగినవాడి మాట వంటింటి హీటరొక్కటే విన్నది.

మర్నాటి నుంచి లేవగానే, కింద ఆమె మర తిప్పిందేమోనని మేజోడు తీసి నేల మీద పాదం ఆన్చడం ఆయన పని. మంగళవారం చల్లగానే ఉంది. బుధవారమూ అంతే. కింద దగ్గు మాత్రం పెరిగింది. గురువారం దిగి అడిగితే, ఉత్తరంలో అంకె చూశాక చెయ్యి రాలేదంది. "మీ పాఠం నాకు మహా బాగా వంటబట్టింది" అంది.

తాత మెట్లు దిగాడు. ఉత్తరాల పెట్టెల దాకా వెళ్లి బోర్డు మీది బిల్లు పీకి జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ ఆమె ఇంటికి ఎక్కి, లేసు దిండును చంటిబిడ్డలా ఎత్తుకుని, ఆమెను ముందు నడిపించుకుంటూ తన వంటింటికి తెచ్చాడు. హీటరు పక్కన కుర్చీ వేశాడు. బంగాళాదుంపల సూపు పొయ్యి మీద పెట్టాడు. ఆమె రెండు చేతులూ హీటరు మీద ఆన్చి కూర్చుంది. గొట్టంలో నీళ్లు తగ్గుతూనే ఉండి ఉంటాయి. ఆయన అటు చూడలేదు. ఆమె వేళ్ల వంకే చూస్తూ కూర్చున్నాడు.

మధ్యాహ్నం దాటినా బిగుసుకున్న ఆ వేళ్లు విచ్చుకోలేదు.